సోమవారం పొద్దున్న ఎండోస్కోపీ ఉంది, ముందు రోజు నుంచి ఎలా ఉండాలో చేయించుకున్నవాళ్లు చెప్పండి

లంక ఆడపడుచు
శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారమండి. నాకు 47 ఏళ్లు, మాది పి.గన్నవరం వైపు లంక ఊరు. రెండు నెలలుగా పొట్ట పైభాగంలో మంట, పుల్లటి తేన్పులు. ఏదైనా తింటే కాసేపు తగ్గినట్టు ఉంటుంది, మళ్లీ అర్ధరాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తుంది. గ్యాస్ అనుకుని మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుని నెట్టుకొచ్చాను. మోకాళ్ల నొప్పులకు కూడా అక్కడి మాత్రలే. మొన్న అమలాపురంలో చూపించుకుంటే డాక్టరుగారు రక్తం తక్కువగా ఉందని, గొట్టం వేసి చూద్దామని, సోమవారం 10 గంటలకు రమ్మన్నారు. చీటీ మీద "పరగడుపున" అని ఒక్క మాట ఉంది, అంతే.

నాకు షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. పొద్దున్న మాత్రలు వేసుకోవాలా వద్దా? పరగడుపున అంటే మంచినీళ్లు కూడా తాగకూడదా? గొట్టం గొంతులో ఉంటే ఊపిరి ఎలా ఆడుతుందండీ? నాకు అసలు భయం అదే. మొన్ననే ఆషాఢం గోరింటాకు పెట్టుకున్నాను, దానివల్ల ఇబ్బంది ఏమైనా ఉంటుందా? గోదారికి ఎర్రనీరు వచ్చేసింది, కాజ్‌వే మీదకు నీళ్లెక్కితే పడవ కోసం చూడాలి. ఈ టెన్షన్లన్నీ కలిసి రాత్రి నిద్ర లేదు.


గోదారి గట్టు, రావులపాలెం
శుక్రవారం రాత్రి 9:50

అక్కగారూ, నేను మూడేళ్ల క్రితం మత్తు లేకుండానే చేయించుకున్నాను. అబద్ధం ఎందుకు, హాయిగా ఉండదు. కానీ నొప్పి కూడా ఉండదు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను, లోపలికి వెళ్లాక మీకు ఏదీ కొత్తగా అనిపించకూడదు.

ముందు గొంతులో స్ప్రే కొట్టారు. వేపాకు నమిలినంత చేదు. నిమిషంలో నాలుక దిమ్మెక్కింది, ఉమ్ము మింగుతుంటే గొంతులో ఏదో ఉండలా అనిపించింది. అక్కడే నేను గాబరా పడ్డాను. అది మందు పనిచేయడమేనట. తర్వాత ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్లు కాస్త ముడుచుకుని పడుకోమన్నారు. పళ్ల మధ్య ప్లాస్టిక్ రింగు పెట్టారు, గొట్టాన్ని కొరక్కుండా. గొట్టం చిటికెన వేలంత లావు ఉంటుంది. గొంతు దగ్గరికి రాగానే "మింగండి" అంటారు, ఆ ఒక్క క్షణం పెద్ద డోకు వస్తుంది. దాటిందంటే దాటినట్టే. ఆ తర్వాత ఏమీ మింగకూడదు, చొంగ కారుతుంటే కారనివ్వాలి. కింద గుడ్డ వేసే ఉంచుతారు, సిగ్గు పడక్కర్లేదు.

ఊపిరి సంగతి: గొట్టం వెళ్లేది అన్నం వెళ్లే దారిలో. గాలి వెళ్లే దారి వేరే, దాన్ని ముట్టుకోరు. సిస్టర్ నా భుజం మీద చెయ్యేసి "ముక్కుతో పీల్చండి, నోటితో వదలండి" అంటూనే ఉంది. ఎదురుగా గోడ మీద స్విచ్ బోర్డు ఉంటే దాని స్విచ్చులు లెక్కపెడుతూ ఊపిరి తీశాను. నాలుగోసారి లెక్కపెట్టేసరికి గొట్టం బయటికి తీసేశారు.


కొబ్బరాకు, అంబాజీపేట
శుక్రవారం రాత్రి 10:15

మా అమ్మకు గత ఏడాది చేశారండి. పొద్దున్నే చిన్న గ్లాసుడు టీ ఇచ్చి తీసుకెళ్లాం, ఏమీ కాలేదు. మాత్రలన్నీ ఆపేయడం మంచిది, గుండె మాత్ర కూడా నాలుగు రోజుల ముందే ఆపేస్తారు అందరూ.


సిస్టర్, కాకినాడ
శనివారం ఉదయం 6:05

నైట్ డ్యూటీ దిగి ఇది చదివాను, చూసీ ఊరుకుని పడుకోలేకపోయాను. ఎండోస్కోపీ గదిలో 11 ఏళ్లుగా పని చేస్తున్నాను.

కొబ్బరాకు గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు కానీ రెండు మాటలూ ప్రమాదమే. పాలు కలిసిన టీ కడుపుకి నీళ్లతో సమానం కాదు, అది అన్నం లెక్కలోకే వస్తుంది. కడుపులో అది ఉండగా డోకు వస్తే పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, మత్తు ఇచ్చినప్పుడు మరీను. పరగడుపున రమ్మనేది అందుకే. పైగా పాల తరక గొట్టం చివర ఉండే కెమెరాకి అడ్డుపడితే కింద ఉన్న పుండు కనపడదు, మళ్లీ ఇంకోరోజు రావాలి. మీ అమ్మగారికి ఏమీ కాలేదు, సంతోషం.

లంక ఆడపడుచు గారూ, మామూలుగా మేం చెప్పే లెక్క ఇది. ఘనాహారం, పాలు, మజ్జిగ ఏవైనా పరీక్షకి కనీసం 6 గంటల ముందు ఆపాలి. నూనె సరుకు, మాంసం అయితే 8 గంటలు. మంచినీళ్లు 2 గంటల ముందు వరకు తాగవచ్చు. కొన్నిచోట్ల అర్ధరాత్రి నుంచి ఏమీ వద్దంటారు, మీ ఆసుపత్రి వాళ్లు ఏది చెబితే అదే చేయండి. మీకు 10 గంటలకు కాబట్టి ఆదివారం రాత్రి 8 లోపు తేలిగ్గా తినేసి ఆపేయండి, ఏ గొడవా ఉండదు. ఆదివారం కదా, చేపల పులుసు ఏమన్నా ఉంటే మధ్యాహ్నమే కానిచ్చి, రాత్రికి ఇడ్లీయో పెరుగన్నమో చాలు. పొద్దున్న పళ్లు తోముకోవచ్చు. గ్యాస్‌కి తాగే గులాబీ రంగు మందు, తెల్ల మందు మాత్రం ఆ పూట ముట్టుకోవద్దు. సున్నం వేసినట్టు కడుపు గోడకి పట్టేస్తుంది.

బీపీ మాత్ర సాధారణంగా గుక్కెడు నీళ్లతో వేసుకుని రమ్మంటాం. షుగర్ మాత్ర ఆ పొద్దున్న వేసుకోకూడదు, తినకుండా వేసుకుంటే షుగర్ పడిపోతుంది. పరీక్ష అయ్యాక తిన్నప్పుడు వేసుకోవాలి. కొత్త రకం షుగర్ మాత్రలు కొన్ని, అంటే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి, మత్తు ఇచ్చేట్టయితే కొన్ని రోజుల ముందే ఆపమంటారు. వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్ అయితే అది కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మదింపచేస్తుంది, తప్పకుండా చెప్పాలి. అందుకే ఈరోజే ఆసుపత్రికి ఫోన్ చేసి మీ మాత్రల పేర్లు చదివి అడగండి. సోమవారం పొద్దున్న అడిగితే ఆలస్యమైపోతుంది.

రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నట్టు మీరు చెప్పలేదు కానీ చదివే వాళ్ల కోసం రాస్తున్నాను. క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్, వార్ఫరిన్ లాంటివి ఎవరూ సొంతంగా ఆపకండి. స్టెంటు వేయించుకున్న మనిషి ఎండోస్కోపీ కోసమని మాత్ర ఆపేసి గుండెనొప్పితో రావడం చూశాను. చూడటానికి, చిన్న ముక్క తీయడానికి చాలాసార్లు ఆపాల్సిన పనే ఉండదు. ఆ నిర్ణయం గుండె డాక్టరుగారు, గొట్టం వేసే డాక్టరుగారు కలిసి తీసుకోవాల్సింది.

గోరింటాకు గురించి అడిగారు. చాలా మంచి ప్రశ్న. వేలికి ఒక క్లిప్పు పెడతాం, అది గోరులోంచి వెలుతురు పంపి ఆక్సిజన్ చూస్తుంది. నెయిల్ పాలిష్ ఉంటే తప్పు చూపించవచ్చు, అది తుడుచుకుని రండి. గోరింటాకు తుడిచినా పోదు కాబట్టి ముందే మాకు చెప్పండి, క్లిప్పు చెవి తమ్మెకు పెడతాం. ఆషాఢంలో రోజూ పెట్టేదే.


కొబ్బరాకు, అంబాజీపేట
శనివారం ఉదయం 8:20

క్షమించండి సిస్టర్ గారూ, తెలియక రాశాను. లంక ఆడపడుచు గారూ, నా మాట పట్టించుకోవద్దండి. సిస్టర్ గారూ, మా ఇళ్లలో నీరసం వస్తే బొండం నీళ్లే తాగుతాం, అవి తాగవచ్చా?


సిస్టర్, కాకినాడ
శనివారం ఉదయం 8:31

వడగట్టి, మీగడ లేకుండా అయితే నీళ్ల లెక్కలోకే వస్తాయి, అదీ 2 గంటల ముందు వరకే. షుగర్ ఉన్నవాళ్లు అడిగి తాగాలి. లేత కొబ్బరి మాత్రం వద్దు.


పాలకొల్లు మాస్టారు
శనివారం మధ్యాహ్నం 1:40

అమ్మా, నేను రిటైరైన సైన్స్ మాస్టారిని, నాకు 71. రెండుసార్లు గొట్టం మింగాను. షుగర్ గురించి నాకు జరిగింది చెబుతాను.

మొదటిసారి రాత్రి ఇన్సులిన్ మామూలుగానే వేసుకున్నాను, ఎవరినీ అడగలేదు. పొద్దున్న 9కి రమ్మన్నారు, 12 దాటినా పిలవలేదు. బెంచీ మీద కూర్చున్నవాణ్ణి, మెడ వెనక చల్లటి చెమట పట్టింది, చేతిలోని టోకెను కాగితం వణుకుతోంది. పక్కన కూర్చున్నాయన చూసి సిస్టర్‌ను కేకేశారు. వేలు గుచ్చి చూస్తే షుగర్ 62. సెలైన్‌లో గ్లూకోజు ఎక్కించాక తేరుకున్నాను. రెండోసారి వెళ్లినప్పుడు ముందే రాయించుకున్నాను, రాత్రి ఎన్ని యూనిట్లు, పొద్దున్న వేసుకోవాలా వద్దా అని. ఇంకో మాట కూడా అడిగాను: "నాకు షుగర్ ఉంది, మొదట నన్ను పిలవండి". వెంటనే ఒప్పుకున్నారు. మీరూ అలాగే అడగండి తల్లీ, అడగడానికి మొహమాటం వద్దు. పర్సులో నాలుగు గ్లూకోజు బిళ్లలు పెట్టుకోండి. చెమట, వణుకు వస్తే వాళ్లకి చెప్పి వేసుకోండి, పరీక్ష గంట ఆలస్యమైనా ఏమీ కాదు.

భయం గురించి. 1868లో జర్మనీలో కుస్మాల్ అనే డాక్టరు, కత్తులు మింగే ఒక గారడీవాడి గొంతులోంచి నిటారు లోహపు గొట్టం దించి కడుపు చూడబోయాడు. పూర్తిగా వంగే గొట్టం రావడానికి 1957 దాకా పట్టింది, హిర్షోవిట్జ్ అనే ఆయన గాజు పోగులతో చేశాడు. ఇప్పుడు మనకు వేసేది దాని మనవడు. తామరతూడులా మెత్తగా వంగుతుంది. పూర్వం వాళ్లు పడ్డ బాధ మనకి లేదు.


లంక ఆడపడుచు
శనివారం సాయంత్రం 6:30

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఆసుపత్రికి ఫోన్ చేశాను. బీపీ మాత్ర ఆరింటికి గుక్కెడు నీళ్లతో, మెట్‌ఫార్మిన్ మధ్యాహ్నం తిన్నాకే అన్నారు. మొదటి పేరు నాదే రాశారు, 9కే రమ్మన్నారు. అంటే నీళ్లు ఏడింటికి ఆపేయాలి.

ఇంకో రెండు సందేహాలు. మత్తు కావాలా అని అడిగారు, ఏం చెప్పను? ఇంకా, ముక్క తీయవచ్చు, సంతకం పెట్టాలి అన్నారు. ముక్క అంటే క్యాన్సర్ అనుమానమేనా? అది విన్నప్పటినుంచి మా ఆయన కూడా అన్నం సరిగ్గా తినలేదు.


పీజీ డ్యూటీ
శనివారం రాత్రి 11:05

ముక్క గురించి నేను చెబుతానండి, జనరల్ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నాను. ముక్క తీస్తున్నారంటే క్యాన్సర్ అనుకుంటున్నారని కాదు. గొట్టంలోంచి సన్నటి పట్టకారు పంపి నువ్వుగింజంత తీస్తారు. కడుపు లోపలి పొరకు గిచ్చినట్టు కూడా తెలియదు. చాలావరకు అది హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా కోసం. ఆ ముక్కను పసుపు రంగు జెల్లులో పెడతారు, బ్యాక్టీరియా ఉంటే గులాబీ రంగుకు తిరుగుతుంది.

మీరు చెప్పిన తీరు, తింటే తగ్గడం, అర్ధరాత్రి లేపడం, చిన్న పేగు మొదట్లో పుండు ఉన్నవాళ్లు తరచుగా చెప్పేదే. చూడకుండా తేల్చను. కానీ ఆ పుండ్లకి రెండు పెద్ద కారణాలు, ఒకటి ఈ బ్యాక్టీరియా, రెండు నొప్పి మాత్రలు. ఒకప్పుడు కారం వల్ల, దిగులు వల్ల అనుకునేవారు. ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ కాదన్నారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాను తనే తాగి, జబ్బు తెచ్చుకుని, ఎండోస్కోపీ చేయించుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

మీరు చేయాల్సిన పని ఒకటుంది. ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్పులన్నీ, ఖాళీవి సహా, ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి. మోకాళ్ల మాత్రలు ముఖ్యం. గ్యాస్ మాత్ర చివరిసారి ఎప్పుడు వేసుకున్నారో, ఈ నెలలో యాంటీబయాటిక్ ఏదైనా వాడారేమో కూడా చెప్పండి. గ్యాస్‌కి వేసుకునే పాంటాప్రజోల్ రకం మాత్రలు 2 వారాల లోపు, యాంటీబయాటిక్ 4 వారాల లోపు వాడి ఉంటే బ్యాక్టీరియా ఉన్నా లేనట్టు చూపించవచ్చు. అలాగని మీ అంతట మీరు ఆపకండి, చెబితే చాలు, ఏం చేయాలో డాక్టరుగారు చూసుకుంటారు. మోకాళ్ల మాత్ర మాత్రం అప్పటిదాకా వేసుకోకండి.

విరేచనం తారులా నల్లగా అవుతోందా? ఐరన్ మాత్రల వల్ల కూడా నల్లగా అవుతుంది, అవి మొదలుపెట్టకముందు నుంచే అలా ఉంటే తప్పక చెప్పాలి. నెత్తురు వాంతి, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి ఉంటే సోమవారం దాకా ఆగకుండా వెంటనే వెళ్లిపోండి.


చెరువు గట్టు, భీమవరం
ఆదివారం ఉదయం 7:15

మత్తు గురించి నా అనుభవం అక్కా. నాకు గొంతులో బ్రష్ పడినా డోకు వస్తుంది, అందుకే మత్తు అడిగాను. చేతికి సూది పెట్టారు, ఏదో చల్లగా ఎక్కింది, సిస్టర్ "మీ చెరువుల్లో ఏం రొయ్యలు" అని అడిగారు, "వనామీ" అన్నట్టు గుర్తు. కళ్లు తెరిస్తే అయిపోయింది.

అయితే తోడు మనిషి లేకపోతే మత్తు ఇవ్వరు. బండి 24 గంటలు నడపకూడదు, కాగితాల మీద సంతకాలు వద్దు అన్నారు. నాకు బాగానే ఉన్నట్టు అనిపించి సాయంత్రం మేత లెక్కలు రాశాను. మర్నాడు చూస్తే ఒకే చెరువుకి రెండుసార్లు రాసి ఉంది, రాసిన సంగతే గుర్తు లేదు. మీరు పడవ ఎక్కి ఇంటికి వెళ్లాలంటున్నారు కాబట్టి ఆలోచించుకోండి. మత్తు తీసుకుంటే ఆ రాత్రి అమలాపురంలోనే చుట్టాలింట్లో ఉండిపోండి.


గోదారి గట్టు, రావులపాలెం
ఆదివారం ఉదయం 9:00

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం పెరుగుతోందని పొద్దున్న టీవీలో చెప్పారక్కా. సాయంత్రమే దాటేయండి.


లంక ఆడపడుచు
సోమవారం రాత్రి 8:45

అయిపోయిందండి. నిన్న సాయంత్రమే దాటి మా ఆడపడుచు ఇంట్లో పడుకున్నాం.

మత్తు వద్దన్నాను, స్ప్రేతోనే. గోదారి గట్టు తమ్ముడు రాసినదంతా వరసగా అలాగే జరిగింది. చేదు, దిమ్ము, ఉండ అడ్డం పడినట్టు ఉండటం. అది మందేనని తెలుసు కాబట్టి గాబరా పడలేదు. డోకు రెండుసార్లు గట్టిగా వచ్చింది, కళ్లలో నీళ్లు కారాయి. లోపల గాలి నింపితే పొట్ట ఉబ్బి తేన్పులు వచ్చాయి. నేను స్విచ్చులు లెక్కపెట్టలేదు, సిస్టర్ చేతికి ఉన్న మట్టి గాజులు చూస్తూ ఊపిరి తీశాను. ఆవిడ చేతికీ గోరింటాకు ఉంది. క్లిప్పు నా చెవికి పెట్టారు. ఏడెనిమిది నిమిషాలు పట్టిందట.

చిన్న పేగు మొదట్లో పుండు ఉంది, ఇప్పుడు రక్తం కారడం లేదన్నారు. ముక్క తీసి పెట్టిన జెల్లు గులాబీ రంగుకు తిరిగింది, సిస్టర్ తెచ్చి చూపించారు. రెండు రకాల యాంటీబయాటిక్, ఒక గ్యాస్ మాత్ర, 14 రోజులు. కవర్లో తెచ్చిన మోకాళ్ల మాత్రలు చూసి డాక్టరుగారు మూడు స్ట్రిప్పులు పక్కన పెట్టేశారు. మూడూ పేర్లు వేరే కానీ ఒకే జాతి నొప్పి మాత్రలట, నేను ఒకే రోజు రెండేసి వేసుకున్న రోజులున్నాయి. ఆ కవరు తీసుకెళ్లకపోతే ఆ సంగతి బయటపడేదే కాదు. పీజీ డ్యూటీ బాబూ, నీ చలవ.

గొంతు కాస్త గీరుకున్నట్టు ఉంది. అన్నం తింటే ఫరవాలేదా?


సిస్టర్, కాకినాడ
సోమవారం రాత్రి 9:20

చాలా సంతోషంగా ఉందండి. ఈపాటికి దిమ్ము పూర్తిగా పోయి ఉంటుంది, పెరుగన్నం తినండి. గీర ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఛాతీలో గానీ పొట్టలో గానీ తీవ్రమైన నొప్పి, జ్వరం, నెత్తురు వాంతి, నల్ల విరేచనం, ఆయాసం, వీటిలో ఏది వచ్చినా పొద్దుటిదాకా చూడకండి.

చదివేవాళ్లకి ఒక మాట: స్ప్రే కొట్టాక సుమారు గంట వరకు ఏమీ తాగకండి. దిమ్ము పోయాక మొదట ఒక చెంచా చల్లటి నీళ్లు, అది సాఫీగా దిగితే మిగతావి. వెంటనే వేడి టీ తాగి గొంతు కాల్చుకున్నవాళ్లు, నీళ్లు పొలమారినవాళ్లు ఉన్నారు.


పీజీ డ్యూటీ
సోమవారం రాత్రి 10:10

14 రోజులూ ఒక్క పూట కూడా మానకండమ్మా. నోరు చేదుగా ఉండొచ్చు, విరేచనాలు కొంచెం పల్చగా అవ్వచ్చు. మంట నాలుగో రోజుకే తగ్గిపోయినా కోర్సు ఆపవద్దు, సగంలో ఆపితే బ్యాక్టీరియా మొండికేస్తుంది. కోర్సు అయిన 4 వారాల తర్వాత పోయిందో లేదో ఊదే పరీక్షతోనో మలపరీక్షతోనో చూడాలి, ఆ పరీక్షకి 2 వారాల ముందు గ్యాస్ మాత్ర ఆపమంటారు. రక్తపరీక్షతో అది తేలదు. ఎవరైనా రక్తం ఇవ్వమంటే మీ డాక్టరుగారిని అడగండి.


కొబ్బరాకు, అంబాజీపేట
మంగళవారం ఉదయం 7:30

ఇదంతా చదివాక మా అమ్మకి కూడా మళ్లీ చూపిస్తున్నాను, ముద్ద మింగుతుంటే అడ్డం పడుతోందని నెలగా అంటోంది. ఎల్లుండికి టైం ఇచ్చారు. ఈసారి టీ లేదు, ఆస్పిరిన్ గురించి డాక్టరునే అడిగాను, ఆపవద్దన్నారు. సిస్టర్ గారూ, అమ్మకి పై వరస పెట్టుడు పళ్లు. ఇంట్లోనే తీసేసి తీసుకెళ్లమంటారా?


సిస్టర్, కాకినాడ
మంగళవారం ఉదయం 7:52

ముద్ద అడ్డం పడుతోందంటే ఎల్లుండి ఎట్టి పరిస్థితుల్లోనూ వాయిదా వేయకండి, ఆ మాట డాక్టరుగారికి మొదటే చెప్పండి. పళ్లు పెట్టుకునే రమ్మనండి, సంతకం దగ్గర మాట స్పష్టంగా రావాలి కదా. లోపలికి పిలిచాక తీస్తాం. మూత ఉన్న చిన్న డబ్బా తెచ్చుకోండి. చేతిరుమాల్లో చుట్టి పెట్టినవి దుప్పట్లతో కలిసి ఉతుకుడుకి వెళ్లిపోతుంటాయి.